తవుడు ఊరు దాటాక

మా పెదనాన్న బర్రె మూతికి చిక్కం కట్టాడు. కుప్పనూర్పిళ్లప్పుడు ఎద్దులు గింజలు తినకుండా కట్టే చిక్కం అది. నూర్పిళ్లు పోయి ఎన్నో ఏళ్లయినా అటక మీద భద్రంగా ఉంది. బర్రెది మూడో ఈత, ఈని రెండు నెలలైంది. పూటకు నాలుగు లీటర్లిస్తోంది. పది రోజులుగా పలుపు నములుతోంది, గోడ నాకుతోంది, గుంజ కొరుకుతోంది. మొన్న దండెం మీది తువ్వాలు లాక్కుని సగం మింగింది. చిక్కం అప్పుడు దిగింది.

చెల్లి పశువుల డాక్టరు. సెలవు మీద వచ్చింది. దర్శికీ పొదిలికీ నడుమ మా ఊరు. ఆ సాయంత్రం కొట్టం దగ్గర వాళ్లిద్దరికీ జరిగిన వాదన నేను మంచం మీద కూర్చుని విన్నాను. బర్రెను ముట్టుకోకుండా చెల్లి చాలాసేపు దాని చుట్టూ తిరిగి చూసింది. పొదుగు కాదు, ముందు కళ్లు చూసింది, తర్వాత పేడ చూసింది. మాటలు అప్పుడు మొదలయ్యాయి.

చెల్లి: పెదనాన్నా, ఈ మధ్య దీన్ని కుక్కేమైనా కరిచిందా?

పెదనాన్న: కుక్కా? లేదమ్మా. ఎందుకట్లా అడుగుతన్నావ్?

చెల్లి: పిచ్చికుక్క కరిచిన గొడ్డు కూడా కర్రలు, తాళ్లు కొరుకుతుంది. చొంగ కారుస్తుంది, మేత మింగలేదు, అరుపు మారిపోతుంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని రైతు లోపలికి చెయ్యి పెడతాడు. అందుకని నోట్లో చెయ్యి పెట్టబోయే ముందు ఈ మాట అడిగి తీరాలి. దీని అరుపు, నడక, మేత బాగానే ఉన్నాయి. ఇక ఆ చిక్కం తీసేయండి.

పెదనాన్న: తీస్తే మిగిలిన తువ్వాలు కూడా మింగుద్ది. మేతప్పుడు తీస్తానేలే.

చెల్లి: తువ్వాళ్లు ఎత్తు మీద ఆరేసుకుందాం. నోరు కడితే దాని ఆబ తగ్గుతుందా? మనకు కనపడకుండా పోతుంది, అంతే.

పెదనాన్న: ఆబ అనేది రోగం కాదు, అమ్మాయ్. గొడ్డుకు ఏం కావాలో గొడ్డుకు తెలుసు. మీ నానమ్మ బడికి పోలేదు గానీ చూడి గొడ్డు మట్టి నాకుతుంటే కొట్టేది కాదు, పుట్టమన్ను తెచ్చి గాడి పక్కన పెట్టేది. నేనూ పెట్టా, అదిగో పళ్లెంలో. ఇంకోటి చెప్తా విను. పాత సావిడికి ఒక గోడ పాటిమన్నుతో కట్టింది, ఇంకోటి చెరువుమట్టితో. మా గొడ్లన్నీ పాటిమన్ను గోడనే నాకేవి. రెండో దాని జోలికి పొయ్యేవి కావు. ఎవరు నేర్పారు వాటికి?

చెల్లి: ఆ గోడ సంగతి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పాటిదిబ్బ అంటే ఒకప్పటి ఊరు. వందల ఏళ్ల బూడిద, పేడ, మూత్రం, ఎముకల పిప్పి ఆ మట్టిలో ఉంటాయి. తవ్వకాలు జరిపేవాళ్లు మట్టిలో భాస్వరం ఎంతుందో చూసి ఇక్కడ మనుషులు బతికారని గుర్తుపడతారు. ఉప్పదనమూ ఉంటుంది. గొడ్డు నాలుక దాన్ని కనిపెట్టింది.

పెదనాన్న: మరి నేననేదీ అదేగా!

చెల్లి: సగమే. మట్టి నాకితే తెలివంటున్నారు. మరి తువ్వాలు మింగిన తెలివి ఎవరిది? అదే నోరు, అదే నాలుక. తువ్వాల్లో దానికేం దొరికింది?

పెదనాన్న కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక పందెం లాంటిది వేశాడు. "నీ బ్యాగులో మినరల్ మిక్చర్ ఉందిగా, అదీ పెట్టు, ఉప్పూ పెట్టు. దానికేది కావాలో అదే తేలుస్తది." చెల్లి ఒప్పుకుంది. చిక్కం విప్పి, పుట్టమన్ను పక్కనే ఇంకో రెండు పళ్లేలు పెట్టారు. బర్రె ఉప్పు పళ్లేన్ని గరగరా నాకేసింది. పుట్టమన్ను కొద్దిగా రుచి చూసింది. మినరల్ మిక్చర్‌ను వాసన చూసి ఒక్క బుస కొట్టింది. పొడి మా కాళ్ల మీద పడింది. ఒకే సంగతిని కళ్లెదుట చూసి ఇద్దరూ రెండు రకాలుగా చదివారు. నాకు ఆ వాదనలో అన్నిటికన్నా విలువైన క్షణం అదే.

పెదనాన్న: చూశావా! నీ పొడి దానికి అక్కర్లేదు. ఉప్పు చాలు.

చెల్లి: నాకు కనపడింది వేరు. ఉప్పును మాత్రమే అది గుర్తుపట్టగలదు. ఒంట్లో ఉప్పు తగ్గితే గొడ్డు దాన్ని వెతుక్కుంటుంది. గోడ, మూత్రం, మన చేతి చెమట, దేన్నయినా నాకి తెచ్చుకుంటుంది. మిగతా ఖనిజాల విషయంలో అట్లా కాదు. లోటు తెలుస్తుంది, ఆబ పుడుతుంది, కానీ ఆ వస్తువు ఎక్కడుందో తెలియదు. అందుకే దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఎముకా, తోలూ, తాడూ, గుడ్డా.

పెదనాన్న: ఎముకంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు బీళ్లకు తోలుకుపోతే కొన్ని ఆవులు ఎముక నోట్లో పెట్టుకుని గంటసేపు అట్లా నిలబడేవి. మేం రాళ్లేసి కొట్టేవాళ్లం, పాపమని.

చెల్లి: అదే ఆబ. దాని వెనకున్న కథ దక్షిణాఫ్రికాలో తేలింది. అక్కడ వానలు తగ్గిన నెలల్లో పశువులు కాళ్లు పడిపోయి, నాలుక వేలాడి, మింగలేక చచ్చిపోయేవి. ఆ జబ్బును లామ్‌సిక్టె అనేవాళ్లు, కుంటి రోగమని. విషపు గడ్డి తిన్నాయన్నారు, పురుగన్నారు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుడు ప్రిటోరియా దగ్గర ఆండర్‌స్టెపోర్ట్‌లో 1908లో పరిశోధన సంస్థ పెట్టాడు. ఆయన వ్రైబర్గ్ దగ్గర ఒక పొలంలో మకాం వేసి ఈ రోగం వెంటపడ్డాడు. ఆ పొలం పేరు ఆర్మూట్స్‌వ్లాక్టె, పేదరికపు మైదానం అని. ఎవరు పెట్టారో గానీ ఆ మట్టికి తగిన పేరు. అందులో భాస్వరం లేదు. గడ్డిలో లేదు, కాబట్టి పశువులో లేదు. పశువులు బీట్లో చచ్చిపడిన జంతువుల ఎముకలు వెతుక్కుని నమిలేవి. కుళ్లిన మాంసం అంటుకున్న ఎముకలో ఒక సూక్ష్మజీవి పుట్టించే విషం ఉంటుంది, బాటులినం. అది నరాలను పడగొట్టేది. 1920 నాటికి థైలర్ ఈ గొలుసంతా విప్పి చెప్పాడు.

పెదనాన్న: మరి మందేం కనిపెట్టాడు?

చెల్లి: మందు కాదు, శుభ్రం చేసిన ఎముకపొడిని మేతలో కలిపి పెట్టాడు. ఆబ తగ్గింది, ఎముకల వెంట పోవడం మానాయి, చావులు తగ్గాయి. పెదనాన్నా, మీతో నా పేచీ అంతా ఇక్కడే ఉంది. ఆ పశువుల ఆబ అబద్ధం కాదు. ఒంట్లో భాస్వరం లేదు, ఎముకలో ఉంది, అంతవరకు వాటి ఒళ్లు నిజమే చెప్పింది. కానీ ఆ ఎముకే వాటిని చంపింది. గొడ్డు తనకు ఏదో లోటుందని చెప్తే నమ్ముతాను. దాన్ని తీర్చుకునే దారి దానికి తెలుసంటే నమ్మను.

పెదనాన్న: ఎక్కడో ఆఫ్రికా మట్టి సంగతి. మన ఒంగోలు గొడ్డు అట్లాంటిది కాదు.

చెల్లి: మన ఒంగోలు గొడ్డు సంగతే చెప్తాను. ఒంగోలు పక్కన కరవది ఉందిగా, ఆ ఊరి పేరుతోనే ఒక ఆబోతు 1960ల మొదట్లో బ్రెజిల్ వెళ్లింది.

పెదనాన్న: తెలుసు తెలుసు. మా నాన్న చెప్పేవాడు దాని గురించి.

చెల్లి: అంతకుముందు వంద ఏళ్లుగా పోతూనే ఉన్నాయి. అక్కడ వాటిని నెల్లూరు పేరుతో నెలోరి అంటారు. ఇవాళ ఆ దేశపు మందల్లో ఎక్కువ భాగం వాటి సంతతే. ఎండకు తట్టుకుంటాయి, గోమార్లకు తట్టుకుంటాయి. కానీ అక్కడి సెరాడో మైదానాల మట్టి భాస్వరానికి బాగా పేద. ఆ బీళ్లలో మేపిన పశువులు ఎముకలు నమిలి, అదే బాటులినం విషంతో వేల సంఖ్యలో చచ్చాయి. జాతి ఎంత గొప్పదైనా మట్టిలో లేనిది ఒంట్లోకి ఎక్కడినుంచి వస్తుంది?

కరవది పేరు వినగానే పెదనాన్న ముఖం వెలిగింది. ఆ తర్వాతి మాటకు అంతే వేగంగా వాడిపోయింది. ఒంగోలు జాతి గురించి ఆయన దగ్గర తేలిగ్గా మాట్లాడకూడదని చెల్లికి తెలుసు. తెలిసే అన్నది.

పెదనాన్న: అయితే గొడ్డుకు ఎముకపొడి పెట్టమంటావా? గడ్డి తినేదానికి?

చెల్లి: వద్దు. ఇప్పుడెవరూ పెట్టకూడదు కూడా. బ్రిటన్‌లో 1986లో పిచ్చిఆవు రోగం బయటపడింది. పశువుల మాంసం, ఎముకల పొడి పశువులకే పెట్టడం వల్ల పాకింది అది. ఇప్పుడు భాస్వరం రాతినుంచి తీస్తారు, డైకాల్షియం ఫాస్ఫేట్‌గా. మీ కాళ్ల మీద పడిన పొడిలో ఎక్కువ పాళ్లు అదే.

పెదనాన్న: సరే, ఆఫ్రికా మట్టిలో లేదు, బ్రెజిల్ మట్టిలో లేదు. నా పొలానికి ఏటా బస్తాలకు బస్తాలు డీఏపీ వేస్తన్నాగా. అందులో ఉన్నది భాస్వరమేగా? ఆ గడ్డే తింటంది ఈ బర్రె. ఇంకేం లోటు?

నేనైతే ఇక్కడ ఆగిపోయేవాణ్ణి. చెల్లి లేచి గాడిలోంచి గుప్పెడు వరిగడ్డి తీసుకొచ్చింది.

చెల్లి: మీరు వేసిన డీఏపీ పైరుకు అందింది. కానీ పైరు పండేటప్పుడు భాస్వరాన్ని ఆకులోంచి, కాడలోంచి లాగి గింజకు చేరుస్తుంది. విత్తనం మొలవాలి కదా, దాని సద్దిమూట అది. ఎండిన ఈ గడ్డి కిలోలో ఒక గ్రాము భాస్వరం ఉంటే గొప్ప. గింజలో కూడా ఎక్కడ ఉంటుందంటే, బియ్యంలో కొంచెమే, పైపొరలో ఎక్కువ. ఆ పైపొరే తవుడు. కిలో మంచి తవుడులో పదమూడు, పద్నాలుగు గ్రాములకు తక్కువుండదు.

పెదనాన్న: తవుడా?

చెల్లి: నానమ్మ పొద్దున్నే కుడితి తొట్టిలో ఏం కలిపేది?

పెదనాన్న: తవుడు, చిట్టు, కడుగునీళ్లు, గంజి. ఉలవలు ఉడకబెట్టిన రోజున ఆ నీళ్లు. ఇంత ఉప్పు రాయి.

చెల్లి: వడ్లు ఊళ్లోనే దంచారు, తర్వాత ఊరి మిల్లులో ఆడించారు. తవుడు ఇంటికొచ్చింది, తొట్టిలోకి, బర్రెలోకి, పేడలోకి, మళ్లీ పొలంలోకి పోయింది. భాస్వరం ఊరు దాటలేదు. ఇప్పుడు మిషన్ కోసిన వడ్లు కళ్లంలోనే లారీ ఎక్కుతున్నాయి. తవుడు నూనె ఫ్యాక్టరీకి పోతోంది. నూనె తీసిన పిప్పి దాణా ఫ్యాక్టరీకి పోతోంది. దాణా కొన్నవాడికే అది తిరిగొస్తుంది. మీరు దాణా ఎంత పెడుతున్నారు?

పెదనాన్న: రేటు పెరిగాక తగ్గించా. పూటకు కిలో. ఒక్కోసారి అదీ లేదు.

చెల్లి: లెక్క చూడండి. బర్రె పాలు లీటరుకు గ్రాముకు పైనే భాస్వరం, రెండు గ్రాముల దాకా కాల్షియం పట్టుకుపోతాయి. రోజుకు ఎనిమిది లీటర్లు. అంటే పది గ్రాముల దాకా భాస్వరం పాలక్యానులో పోతోంది. ఎనిమిది కిలోల గడ్డి తిన్నా ఎనిమిది గ్రాములు రావు, వచ్చిందంతా ఒంటికి పట్టదు, దాని ఒళ్లు నిలబడటానికే ఇంకొంత కావాలి. మిగతాది ఎక్కడినుంచి తెస్తోంది? తన ఎముకల్లోంచి. రెండు నెలలు అట్లా లాగింది. ఇప్పుడు మీ గోడ నాకుతోంది.

ఈ మాట దగ్గర పెదనాన్న బర్రె వెన్ను నిమిరాడు. తుంటి ఎముకలు పైకి తేలి ఉన్నాయి. పది రోజులుగా నోటినే చూశాం గానీ అటు ఎవరమూ చూడలేదు.

పెదనాన్న: మొన్నేడు పక్కింటోళ్ల బర్రె ఈనిన మూడో వారంలో ఎర్రగా, కాఫీ డికాషన్ లాగా ఉచ్చ పోసింది. నాలుగు రోజుల్లో పోయింది. దిష్టి అన్నారు.

చెల్లి: అదీ చాలాసార్లు ఇదే. నెత్తుట్లో భాస్వరం మరీ పడిపోతే ఎర్రకణాలు పగిలిపోతాయి, ఆ రంగు మూత్రంలో వస్తుంది. పాలబర్రెల్లోనే ఎక్కువ చూస్తాం. గోమార్ల వల్ల వచ్చే జ్వరంలోనూ ఎర్ర మూత్రం వస్తుంది, అందుకని పరీక్ష చేయాలి. భాస్వరం లోటైతే సమయానికి నరానికి సూది వేస్తే చాలా బర్రెలు బతుకుతాయి. దిష్టి తీస్తూ కూర్చుంటే ఆ సమయం పోతుంది.

పెదనాన్న: ఇంతా విన్నాక కూడా నాకో భయముంది, అమ్మాయ్. (పెదవి పైకెత్తి పళ్లు చూపించాడు. గోధుమరంగు చారలు.) ఈ ఊళ్లో మా ఈడు వాళ్లందరి పళ్లూ ఇట్లాగే ఉంటాయి. నడుములు వంగినోళ్లున్నారు. మా ఎద్దులకు కాళ్ల మీద గడ్డలు కట్టేవి, నడవలేకపోయేవి. అదీ ఖనిజమేగా? నీళ్లలో ఎక్కువైంది. ఇవాళ తక్కువైందని పొడి పెట్టమంటావు. రేపు ఎక్కువైందంటావు. ఎవరిని నమ్మాలి?

చెల్లి వెంటనే జవాబు చెప్పలేదు. మా ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, దేశంలోనే మొదటిసారిగా ఫ్లోరైడ్ రోగం ఇక్కడినుంచే వైద్య పత్రికలకెక్కింది. మందుల దుకాణపు పోస్టరు చదివి అడిగిన ప్రశ్న కాదు ఆయనది. ఆయన తన పళ్లతో అడిగాడు.

చెల్లి: మీ భయం సరైనదే. భాస్వరం తీసే రాతిలో కూడా ఫ్లోరిన్ ఉంటుంది. దాన్ని తీసేయకుండా పొడి కొట్టి అమ్మితే, మన నీళ్లకు తోడు అదీ కలిసి గొడ్డు కాళ్లు విరుస్తుంది. కాబట్టి పేరూ ఊరూ లేని సంచిలో చౌకగా వచ్చేది కొనొద్దు. ఐఎస్ఐ గుర్తున్న దాంట్లో ఫ్లోరిన్ ఇంతకు మించకూడదని హద్దు ఉంటుంది. ఈ ఊరి బోరు నీళ్లు కాకుండా వీలైతే కాలవ నీళ్లు తాగించండి.

పెదనాన్న: మీ డాక్టర్లు ఈ మాట చెప్పరు. నమిలితే పొడి, ఎదకు రాకపోతే పొడి, పాలు తగ్గితే పొడి.

చెల్లి: నిజమే. నేనూ చేశానది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక టౌన్‌లో ఆవును తీసుకొచ్చారు. అన్నీ నములుతోంది, చిక్కిపోతోంది అన్నారు. ఖనిజాల లోటని రాసి పంపాను. నెల తర్వాత చచ్చిపోయింది. కోసి చూస్తే పెద్దపొట్ట నిండా ప్లాస్టిక్ సంచులు, ముద్దగా, రాయిలా. దాని ఆకలి ఖనిజానికి కాదు, గడ్డికి. మిగిలిన అన్నం మూటకట్టి పారేస్తే, ఆ వాసనకు మూటతో సహా మింగింది. మేక లాగా పెదాలతో ఏరుకోవడం ఆవుకు రాదు, నాలుకతో చుట్టి లోపలికి లాగేస్తుంది. పుట్టపర్తిలో కరుణ సొసైటీ వాళ్లు ఇట్లాంటి ఆవుల పొట్టలు కోసి ప్లాస్టిక్ తీసి తీసి, చివరికి 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. నేను రాసిచ్చిన పొడి ఆ ఆవుకు ఏ విధంగానూ పనికిరాలేదు. అప్పటినుంచి నమిలే గొడ్డు కనపడితే ముందు గాడి చూస్తాను, పేడ చూస్తాను.

పెదనాన్న: దీని పేడలో ఏముంది?

చెల్లి: పొద్దున పేడ పరీక్షకు ఇద్దాం, పురుగులుంటే మందు పోద్దాం. పురుగుల వల్లా ఈ ఆబ వస్తుంది. పీచు మేత చాలకపోయినా కర్రలు కొరుకుతాయి, కానీ దీనికి గడ్డి కొదవ లేదు. తువ్వాలు లోపలే ఉంది కాబట్టి నెమరు ఆగుతుందేమో, డొక్క ఉబ్బుతుందేమో వారం రోజులు కనిపెట్టుకుని ఉండాలి. ఉబ్బితే ఫోన్ చేయండి, ఆలస్యం వద్దు.

పెదనాన్న: పొడి?

చెల్లి: రోజుకు యాభై గ్రాములు, ముప్పై గ్రాముల ఉప్పు. పళ్లెంలో పెడితే బుస కొడుతుంది, మీరే చూశారు. తవుడులో తడిపి కలపండి. కానీ తవుడులో కాల్షియం తక్కువ, వరిగడ్డిలో ఉన్న కాస్త కాల్షియాన్నీ అందులోని ఆక్సలేటు పట్టేసుకుంటుంది. అందుకని కాల్షియం కోసం పిల్లిపెసర మేత చల్లండి ఒక మడిలో. సాగర్ కాలవ రాకముందు జొన్నచేలు ఉన్నప్పుడు చల్లేవాళ్లం అన్నారుగా.

పెదనాన్న: పిల్లిపెసర విత్తనాలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవాలి. ఎన్నాళ్లకు మానిద్ది ఇది?

చెల్లి: రెండు మూడు వారాలు పడుతుంది. కొన్ని అలవాటుగా ఇంకొన్నాళ్లు నములుతాయి. తగ్గకపోతే నేను అనుకున్నది తప్పని అర్థం. అప్పుడు రక్తపరీక్షకు పంపుతాం.

పెదనాన్న: నువ్వు తప్పైతే?

చెల్లి: అదే చెప్తాను మీకు.

చీకటి పడింది. పెదనాన్న లోపలికెళ్లి ఊరవతల బియ్యం మిల్లువాడికి ఫోన్ చేశాడు. బస్తా తవుడు అడిగాడు. అవతలివాడు నూనె ఫ్యాక్టరీకి అంతా మాట్లాడేసుకున్నామని చెప్పినట్టున్నాడు. ఈయన గొంతు పెంచి, తన వడ్లు పదేళ్లుగా ఎవరికి తోలుతున్నాడో గుర్తుచేశాడు. కాసేపటికి అర బస్తాకు బేరం కుదిరింది.

తెల్లవారి నేను కొట్టంలోకి వెళ్లేసరికి చిక్కం దూలానికి వేలాడుతోంది. తొట్టిలో తవుడు తడిపి ఉంది, దాంట్లో బూడిదరంగు పొడి కలిపిన చారలు కనపడుతున్నాయి. బర్రె తల దించి తాగుతోంది. దాని పక్కన పుట్టమన్ను పళ్లెం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. రాత్రి ఎవరో దాన్ని మళ్లీ నింపారు.